అందరికీ ఒకటే బరికె

తిరుచానూరులో బస్సు దిగి సారు ఇంటి సందులోకి తిరగ్గానే ఫ్లెక్సీ కనిపించింది. రెండు కరెంటు స్తంభాల మధ్య కట్టారు. సారు ఫొటో కింద పెద్ద అక్షరాలతో ‘శ్రద్దాంజలి’ అని ఉంది. ద కింద ధ వత్తు ఉండాల్సిన చోట ద వత్తు పడింది. అది చూసిన మరుక్షణం నా కుడి అరచెయ్యి దానంతట అదే ముడుచుకుపోయింది. నేనిప్పుడు ఏర్పేడు దగ్గర ఒక హైస్కూల్లో టీచర్ని. నా పెద్ద కూతురు ఇంటర్ చదువుతోంది. అయినా తప్పు కనబడితే దెబ్బ పడుతుందన్న సంగతి నాకంటే ముందు నా చేతికి గుర్తొచ్చింది.

ఫ్లెక్సీ కింద చెంగల్రాయులు నిలబడి వచ్చేవాళ్లకు దారి చూపిస్తున్నాడు. మేమిద్దరం ఒకే క్లాసు. ఇప్పుడు అతనికి మామిడి మండీ ఉంది.

“ఏం సుజాతా, ఫ్లెక్సీ బాగుండాదా? తెల్లారేసరికి ఏపించినా” అన్నాడు.

బాగుందన్నాను.

“సారు లేకుంటే మనం యాడుండేవాళ్లం చెప్పు. తోలు వొలిచినాడు కాబట్టే మనుషులమైనాం” అన్నాడు. వచ్చిన ప్రతివాళ్లతోనూ అదే మాట అంటున్నట్టున్నాడు. చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది.

ఆయనకొక పేరు ఉండేదని బళ్లో ఉన్నంతకాలం మాకు గుర్తుండేది కాదు. మిగతావాళ్లు లెక్కల సారు, సైన్సు సారు, డ్రిల్లు సారు. ఉత్తి ‘సారు’ అంటే ఆయనొక్కరే. చిత్తూరు నుంచి పుత్తూరు వెళ్లే రోడ్డు మీద ఉన్న మా ఊరి హైస్కూల్లో తెలుగు చెప్పేవారు. పొట్టి మనిషి. మెడ దాకా గుండీలు పెట్టుకున్న తెల్ల చొక్కా. సుద్దముక్కలు కళ్లజోడు పెట్టెలో దాచుకునేవారు. కొట్టడానికి ముందు ఒకసారి, కొట్టిన తర్వాత ఒకసారి చేతులు కడుక్కునేవారు. గొంతు ఎప్పుడూ పెంచేవారు కాదు. ఆయనకు కోపం రావడం నేను చూడలేదు. మిగతా సార్లు కోపం వచ్చి కొట్టేవాళ్లు, కోపం పోయాక ఆపేసేవాళ్లు. ఈయన పాఠంలో భాగంగా కొట్టేవారు. అందుకని పాఠం అయ్యేదాకా ఆగేది కాదు.

బరికె ఆయనే తయారుచేసుకునేవారు. బడి వెనక చింతచెట్టు నుంచి సన్నటి కొమ్మ కోసి, ఆకు దూసి, బెరడు తీసి నీళ్లతొట్టిలో నానబెట్టేవారు. నానితే విరగదు, వంగుతుంది. క్లాసుకు రాగానే బల్ల మీద పుస్తకం, పక్కన బరికె, ఆ పక్కన సుద్దముక్క వరసగా పెట్టి, “బడికి కావలసినవి ఇవి. మిగిలినవన్నీ అలంకారం” అనేవారు.

చదువంటే ఆయన లెక్క చాలా సులభంగా అర్థమయ్యేది. ప్రతి బిడ్డకూ వచ్చి తీరాల్సినవి కొన్ని ఉన్నాయి. అక్షరం తప్పు లేకుండా రాయడం, ఎక్కాలు, పద్యం, ప్రతిపదార్థం, తాత్పర్యం. అవి ఎవరికైనా ఒకటే. వాటిని పెద్దవాళ్లు ఎప్పుడో తేల్చి పుస్తకంలో పెట్టేశారు. పిల్లవాడి పని వాటిని లోపలికి తీసుకోవడం, సారు పని లోపలికి దింపడం. నిలబెట్టి అప్పజెప్పించుకునేవారు. ఆగితే ఒక దెబ్బ. మళ్లీ మొదటినుంచి. మళ్లీ ఆగితే మళ్లీ దెబ్బ. అరచెయ్యి బొబ్బ తేలితే రెండో చెయ్యి. రెండోది కూడా బొబ్బ తేలితే చేతులు తిప్పి వేళ్ల కణుపుల మీద. బెల్లం వండే కాలంలో చెరుకు ఆకు కోసుకున్న చేతులతో వచ్చేవాళ్లు కొందరు. ఆ కోతల మీద పడితే చర్మం లేచిపోయేది. పద్యం చెబుతూ చెబుతూ లాగులు తడుపుకున్న మగపిల్లలు ఉన్నారు. ఎవరూ నవ్వేవాళ్లు కాదు. తర్వాతి వంతు ఎవరిదో ఎవరికీ తెలీదు.

ఒకసారి నేను తాత్పర్యం నా మాటల్లో రాశాను. సారు కాగితం చేతికిచ్చి అడిగారు.

“ఇవి ఎవరి మాటలు?”

“నావే సార్.”

“నీ మాటలు తెలుసుకోవడానికి నువ్వు బడికి రానక్కర్లేదు గదా. అవి ఇంట్లోనే ఉన్నాయి.”

చెయ్యి చాపాను. ఆ తర్వాత టెన్త్ అయ్యేదాకా నా మాట ఒక్కటి కూడా కాగితం మీద పెట్టలేదు.

ఇంకొకటి చెప్పాలి. తొమ్మిదిలో ఉన్నప్పుడు మా అవ్వ పోయింది. నన్ను పెంచింది ఆమే. కబురు మా చిన్నాయన తెచ్చాడు. ఆయన వరండాలో నిలబడి కిటికీలోంచి నన్ను పిలిచి చెప్పాడు. నేను ఏడ్చుకుంటూ వెళ్లి, “సార్, మా అవ్వ సచ్చిపోయింది, ఇంటికి పోతా సార్” అన్నాను.

“చనిపోయింది” అన్నారు సారు.

ఆయనకు కూడా బాధ కలిగిందనుకున్నాను. అవునన్నట్టు తలూపాను.

“చనిపోయింది. చెప్పు.”

“సనిపోయింది సార్.”

బరికె పిక్కల మీద పడింది. “చ. నాలుక పైకి. చనిపోయింది.” ఏడుస్తున్నవాళ్లకు నాలుక పైకి లేవదు. మూడోసారికో నాలుగోసారికో వచ్చింది. అప్పుడు పంపించారు. దారి పొడుగునా చిన్నాయన సైకిల్ వెనక కూర్చుని, అవ్వ మొహం కాకుండా ఆ అక్షరమే తలుచుకుంటూ వెళ్లాను. ఇంటి దగ్గర ఎవరో “ఎప్పుడు సచ్చిపోయిందే ముసల్ది?” అని అడిగితే, మొదట నాకు తోచింది వాళ్లు తప్పు పలికారని.

ఆయన అబద్ధపు మనిషి కాదు. నమ్మిందే చేశారు. ఒకసారి చిత్తూరు నుంచి శిక్షణ ఇచ్చే అధికారి ఒకాయన వచ్చి, పాఠం ఆటలతో చెప్పాలని, పిల్లల ఇష్టాన్ని బట్టి నడవాలని స్టాఫ్ అందరికీ చెప్పాడు. స్టాఫ్ రూము మా క్లాసు పక్కనే. గోడకు పైన సందు ఉండేది. అన్నీ వినపడేవి.

“మా పిల్లల ఇష్టం అడిగితే మామిడికాయలంటారు” అన్నారు సారు.

ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు.

“అయ్యా, మీ పిల్లలకు ఇంట్లో పుస్తకాలున్నాయి. భోంచేసేటప్పుడు మీరు మాట్లాడే మాటల్లో సగం చదువు వాళ్లకు వచ్చేస్తుంది. మీరు ఆటలాడించినా నష్టం లేదు. వీళ్లకు ఇక్కడ రాకపోతే ఇంకెక్కడా రాదు. కాలేజీలో, కోర్టులో, ఆఫీసులో వీళ్లను చూసి నవ్వుతారు. నవ్వకుండా ఉండటానికి ఏది కావాలో అది నేను ఇస్తున్నాను. వీళ్లకు ఇష్టమా కాదా అని అడగడానికి నాకు టైము లేదు.”

ఆ అధికారి ఏదో అన్నాడు. సారు క్లాసుకు వచ్చి చేతులు కడుక్కున్నారు. మా క్లాసులో అక్షరం రాకుండా బయటికి పోయినవాడు లేడు. బయటికి పోయి నోరు తెరిచినవాళ్లు కూడా తక్కువే. తిరుపతిలో బీఈడీ చదివేటప్పుడు ఒక లెక్చరరు పాఠం మధ్యలో ఆపి, “దీని గురించి నువ్వేమనుకుంటావమ్మా?” అని అడిగింది. నేను లేచి నిలబడ్డాను. పుస్తకంలో ఏముందో తెలుసు. పేజీ కూడా తెలుసు. నేనేమనుకుంటున్నానో తెలుసుకుందామని లోపలికి చూసుకుంటే అక్కడ ఎవరూ లేరు. నిలబడే ఉన్నాను. ఆవిడ జాలిగా కూర్చోమంది.

సారు కొడుకు మోహన మా క్లాసులోనే ఉండేవాడు. ఇంట్లో ‘నాయన’, బళ్లో ‘సార్’. వాడికి నత్తి. అన్ని మాటలకూ కాదు. క, ప, త, ఈ అక్షరాలు మాట మొదట్లో వస్తే గొంతు పట్టేసేది. కళ్లు మూసుకుని, మెడ నరాలు ఉబ్బించి, ఆ అక్షరాన్నే మళ్లీ మళ్లీ తోసేవాడు. మామూలుగా మాట్లాడుకునేటప్పుడు మేం ఆగేవాళ్లం, వాడు ఎప్పటికో చెప్పేవాడు. క్లాసులో ఆగడానికి వీల్లేదు గదా. ఆగితే దెబ్బ.

హెడ్‌మాస్టరు ఒకసారి వరండాలో సారును ఆపి, “నీ కొడుకును మాత్రం రాసి చూపించమనప్పా. బిడ్డకు నత్తి గదా” అన్నాడు.

“నత్తి లేదు సార్. నాలుక బద్ధకం” అన్నారు సారు. “అందరికీ ఒకటే బరికె. నా కొడుక్కి వేరే బరికె తయారుచేస్తే రేపు మిగతా పిల్లల మొహం ఎట్లా చూస్తాను?”

నిజంగానే ఒకటే బరికె. కానీ మేం ఏ వారానికో ఒకసారి తింటే మోహన రోజూ తినేవాడు. సారు లెక్క ప్రకారం అందులో అన్యాయం ఏమీ లేదు.

దెబ్బలు తప్పించుకోవడానికి మోహన ఒక ఉపాయం కనిపెట్టాడు. పలకలేని మాట ముందర కనబడగానే, అదే అర్థం వచ్చే ఇంకో మాటలోకి దూరేవాడు. దానికోసం ఇంట్లో సారు నిఘంటువు మొత్తం చదివేశాడు. మా ఎవరికీ తెలియని మాటలు వాడికి తెలుసు. ప్రతిపదార్థం చెబుతుంటే చూడాలి, ఒక్కో గండం దగ్గర ఒక్కో పక్కదారి. వాడికి వచ్చినంత తెలుగు మా క్లాసులో ఎవరికీ రాలేదు. సారు కూడా అది గమనించే ఉంటారు. గమనించి, ఆ దారులన్నీ ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చారు.

టెన్త్‌లో ఒక మధ్యాహ్నం. పద్యంలో ‘కమలము’ అనే మాట ఉంది. మోహన దాని దగ్గరికి వచ్చి, కొంచెం తడబడి, “అంబుజము” అని ముందుకు వెళ్లాడు.

“పుస్తకంలో ఏముంది?” అన్నారు సారు.

“రెండూ ఒకటే గదా సార్.”

“పుస్తకంలో ఏముంది?”

“క...”

దెబ్బ.

“క... క...”

రెండు చేతులూ అయిపోయాయి. చేతులు తిప్పమన్నారు. కణుపుల మీద పడుతోంది. కుడి చేతి నడిమి వేలి కణుపు పగిలి రక్తం మోహన చొక్కా మీదికి, సారు తెల్ల చొక్కా మీదికి చిందింది. సారు గొంతు అట్లాగే మెల్లగా ఉంది. “పుస్తకంలో ఏముంది?” ఆడపిల్లల వరసలో ఎవరో వాంతి చేసుకున్నారు. చెంగల్రాయులు ఆ మాట పక్కనుంచి అందించబోతే సారు తల తిప్పకుండానే వాడి మెడ మీద ఒకటి వేసి మళ్లీ కొడుకు వైపు తిరిగారు.

ఆ తిరగడంలోనే మోహన బరికె పట్టుకున్నాడు. లాక్కున్నాడు. మొదటి దెబ్బ సారు భుజం మీద పడింది. రెండోది మొహం మీద. కళ్లజోడు ఎగిరి బల్ల కింద పడింది. సారు చేతులు అడ్డం పెట్టుకుని, “ఓయమ్మా, సచ్చిపోతినే” అని అరిచారు.

క్లాసంతా లేచి నిలబడిపోయింది. కొడుకు తండ్రిని కొట్టినందుకు కాదు. ఆ మాట విన్నందుకు. అది మా ఇళ్లల్లో మాట. సారు నోట్లో అది కూడా ఉందని మాకు తెలీదు.

మోహన ఆగలేదు. ఒక్కో దెబ్బకు “క... క...” అంటున్నాడు. సారు కింద కూలబడ్డారు. వాడు పైనుంచి కొడుతూనే ఉన్నాడు. కనుబొమ చీరుకుపోయి ఒక కన్ను నిండా రక్తం. చివరికి బరికె రెండుగా చీలింది. అప్పుడు, ఆ చీలిన దెబ్బతో పాటు, “కమలము” అని మాట బయటికి వచ్చింది. తునకలు కాకుండా, నిండుగా, గట్టిగా వచ్చింది.

సారు గోడకు ఆనుకుని, రక్తం కారుతున్న మొహం పైకెత్తి కొడుకును చూశారు. చూసి, ఊపిరి అందీ అందకుండా, “వచ్చింది” అన్నారు. “చూశావా, వచ్చింది.”

ఆయన మొహంలో నొప్పి కంటే ఎక్కువగా కనబడింది సంతోషం. తన పద్ధతి గెలిచిందని.

మోహన బరికె ముక్క పారేసి బయటికి వెళ్లిపోయాడు. పుస్తకాల సంచి కూడా తీసుకోలేదు. వాళ్లమ్మ వాణ్ణి సూళ్లూరుపేటలో ఉండే తమ్ముడి ఇంటికి పంపేసింది. సారు మరుసటి రోజు కనుబొమకు కుట్లతో, కొత్త బరికెతో వచ్చారు. బల్ల మీద మూడూ వరసగా పెట్టి, “నిన్న ఎక్కడ ఆపాం?” అని అడిగారు.

ఎక్కడ ఆపామో అందరికీ తెలుసు. ఎవరూ చెప్పలేదు. అందరినీ కొట్టారు.

రిటైరయ్యాక భార్యాభర్తలిద్దరూ తిరుచానూరు వచ్చేశారు. ఇక్కడ ఆయనకు బడి లేదు, బోర్డులు ఉన్నాయి. లాడ్జీల బోర్డులు, హోటళ్ల బోర్డులు, పూల కొట్ల అట్టముక్కలు. రోజూ సాయంత్రం నడకకు వెళ్లి, తప్పులు కనబడితే లోపలికి వెళ్లి చెప్పేవారట. కొందరు నవ్వి పంపేవాళ్లు, కొందరు తోసేసేవాళ్లు. ఒకసారి ఎవరో కుర్ర నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ మీద ‘జన్మధిన’ అని పడింది. సారు స్టూలు వేసుకుని ఎక్కి, బ్లేడుతో ఆ ధ కింద ఉన్న చిన్న గీతను కోసి తీసేశారు. పట్టపగలే. నాయకుడి మనుషులు చూశారు.

పేపర్లో రాలేదు గానీ అందరికీ తెలిసింది. నేను పెద్దాసుపత్రికి వెళ్లేసరికి పెదాలు వాచి, పక్కటెముకలకు పట్టీ వేసి ఉంది. ఫ్లెక్సీ కట్టే సరుగుడు కట్టెతో కొట్టారట.

“వాళ్లల్లో ఒకడు నా దగ్గర చదివినవాడే” అన్నారు సారు. “చెయ్యి చాపు సార్ అన్నాడు.”

“మీరు చాపారా సార్?”

“చాపాను.” పక్కటెముకల పట్టీ సర్దుకున్నారు. “కొడుతూ, తప్పు ఒప్పుకో అన్నారు. దినానికి వత్తు లేదన్నాను. మళ్లీ కొట్టారు. మళ్లీ అదే చెప్పాను. ఎన్నిసార్లు కొడితే మాత్రం వత్తు ఎక్కడినుంచి వస్తుందమ్మా?”

ఆ చివరి మాట అని, ఏదో తట్టినట్టు నన్ను ఒకసారి చూశారు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నారు.

సారు భార్య పోయాక మోహన ఇక్కడికి రావడం మొదలుపెట్టాడు. సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో పని. అప్పుడప్పుడు ఆదివారాలు కూతుర్ని తీసుకుని వచ్చి, ఇల్లు శుభ్రం చేసి, వారానికి సరిపడా సరుకులు పెట్టి పోయేవాడు. తండ్రీ కొడుకులు పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. ఆ పాపకు ఏడేళ్లు. పేరు హాసిని. దానికీ నత్తే.

పోయిన ఏడాది సారు చెయ్యి విరిగిందని తెలిసి చూడటానికి వెళ్లాను. మణికట్టు నుంచి మోచేతి దాకా సిమెంటు కట్టు. కుడి చెయ్యి. మంచం మీద కూర్చుని ఉన్నారు. చొక్కా గుండీలు ఊడి ఉన్నాయి. ఆయన్ని అట్లా చూడటం అదే మొదలు. అప్పటికే ఆయన మాట కూడా మారిపోయింది. ముసలితనమో, ఇంట్లో ఒంటరిగా ఉండటమో, పుస్తకపు తెలుగు జారిపోయి కిందున్నది బయటపడింది.

“ఎట్ల విరిగింది సార్?”

“మోహన ఇరిసినాడు” అన్నారు మామూలుగా. “బిడ్డను ఎక్కం చెప్పమంటి. రెండో ఎక్కమే. మధ్యలో ఆగిపాయ. నా చెయ్యి లేసింది. నేను లేపలేదు సుజాతా, అదే లేసింది. వాడు యాడుండాడో, వచ్చి పట్టుకుని తిప్పేసినాడు. పటుక్కుమనింది.”

నేను కట్టు వైపు చూశాను.

“అది కాదు నేను చెప్పేది. ఆ బిడ్డ నవ్వతా ఉండింది. నేను చెయ్యెత్తితే భయపడలా. అదీ చెయ్యెత్తింది, నా చేతికి తన చెయ్యి తగిలిచ్చేదానికి. ఆట అనుకున్యాది. కొట్టేదంటే ఏమో తెలీదు దానికి.” ఆయన గొంతులో నింద లేదు. ఒక అర్థంకాని పాఠం ముందు కూర్చున్నట్టుంది. “ఇన్నేండ్లలో నన్ను జూసి నవ్విన బిడ్డ ల్యా.”

కాసేపటికి, “మీ బళ్లో ఇప్పుడు కొడతారా?” అని అడిగారు.

“లేదు సార్. కొడితే ఉద్యోగం పోతుంది.”

“మరి ఎట్ల నేర్సుకుంటారు?”

“కొందరు నేర్చుకుంటారు. కొందరికి రాదు. వాళ్లకు ఇంకో విధంగా చెప్పి చూస్తాం.”

“ఇంకో విధంగా” అని తనలో తాను అనుకున్నారు. ఎడమ చేతి వేలితో పై పెదవి ఎత్తి చూపించారు. పక్క పన్ను లేదు. “మా నాయన రాళ్లు కొట్టేవాడు. నేను బడికి పోయి, సదువుకుంటా అంటి. మా అయ్యవారు డస్టరు ఇసిరినాడు. పన్ను ఊడింది. పిల్లోళ్లంతా నవ్వినారు. మర్నాటికి ‘చదువు’ అని పలికినా. ఆ పన్ను పోకుంటే నేను రాళ్లు కొడతా ఉందును.”

“పన్ను పోకుండా కూడా వచ్చేదేమో సార్.”

చాలాసేపు నన్నే చూశారు. కొడతారేమోననిపించింది, కట్టు వేసిన చేతితోనే.

“నాకెవురూ ఆ మాట చెప్పలేదు మ్మా” అన్నారు.

ఆ తర్వాత నేను ఆయన్ని మాట్లాడుతుండగా చూడలేదు.

ఇప్పుడు ఇంటి ముందు వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. గడ్డం కింద గుడ్డ కట్టారు. నలభై యాభై మంది పాత పిల్లలు, అందరూ నడివయసువాళ్లు, గోడల వెంబడి వరసగా నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు. సందు చివర యాత్రికులు లాడ్జీలు వెతుక్కుంటూ తొంగిచూసి పోతున్నారు. మోహన తడి పంచెతో తండ్రి తల దగ్గర కూర్చున్నాడు. జుట్టు పలచబడింది. హాసిని నా పక్కన నిలబడి నా కొంగు పట్టుకుంది.

కర్మ చేయించే అయ్యవారు కుర్రవాడే. దర్భ చేతికిచ్చి, “గోత్రం చెప్పప్పా” అన్నాడు. మోహన చెప్పాడు. “నాయన పేరు చెప్పు.”

మోహన నోరు తెరిచాడు. మొదటి అక్షరం పట్టేసింది.

నేను నేలవైపు చూశాను. చుట్టూ అందరూ నేలవైపే చూస్తున్నారు. ఎవరూ దగ్గలేదు, కదల్లేదు. వాకిట్లో వినపడేది ఆ ఒక్క అక్షరమే. వస్తోంది, విరుగుతోంది, మళ్లీ వస్తోంది. ఇందరు పెద్దవాళ్లు, పిల్లలూ మనవలూ ఉన్నవాళ్లు, మెడలు లోపలికి లాక్కుని నిలబడి ఉన్నారు. కొట్టే మనిషి చాప మీద కళ్లు మూసుకుని ఉన్నాడని ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

చెంగల్రాయులు తట్టుకోలేక పేరు అందించబోయాడు. మోహన చెయ్యెత్తి ఆపాడు. అయ్యవారు, “నిదానంగా చెప్పప్పా, తొందరేం లేదు” అని కాళ్లు సర్దుకుని కూర్చున్నాడు. మోహన కళ్లు మూసుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఎంతసేపైందో తెలీదు. ఆ పేరు పూర్తిగా, ఒక్క అక్షరం చెడకుండా బయటికి వచ్చింది. తాత పేరు చెప్పాడు. ముత్తాత పేరు చెప్పాడు. దేనికీ ఎవరి సాయమూ తీసుకోలేదు.

చెంగల్రాయులు కళ్లు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, “వింటివా, ఎంత స్పష్టంగా చెప్పినాడో. అదీ సారు పెట్టిన చదువు” అన్నాడు.

పాడె కడుతుండగా మోహన కాళ్లు కడుక్కోవడానికి పెరట్లో కుళాయి దగ్గరికి వచ్చాడు. నేను చెంబుతో నీళ్లు అందించాను. హాసిని వాళ్ల నాన్న వేలు పట్టుకుని, “నా... నాన్నా, తాత ఇంక లేవడా?” అని అడిగింది. వాడు లేదన్నట్టు తలూపి, పాపను ఎత్తుకున్నాడు.

“ఏడవొచ్చు మోహనా. ఎవరూ ఏమీ అనుకోరు” అన్నాను.

వాడు పాపను ఇంకో చంకకు మార్చుకున్నాడు.

“నాయన పోయినాడని ఏడుద్దామనే కూసున్యా సుజాతా” అన్నాడు. మాట మాటకూ ఆగి, నిదానంగా. “ఏడుపు రాలా. ఆయన పేరు యాడ త... తప్పు పలుకుతానో అని, అదొకటే భయం.”